పాత కారులో ఆయిలు వత్తిడి తగ్గితే

మన సంఘపు కుటుంబాలలో పాత మోటారుకారును ఇంటి మనిషివలె చూచుకొనేవారు ఇంకా కొందరున్నారు. తాతగారు కొన్న అంబాసడరు, పెదనాన్నగారి ఫియట్టు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు - ఏదైతేనేమి, షెడ్డులో గుడ్డ కప్పుకొని ఉంటుంది. ఉగాదికీ, పెండ్లికీ, కులదైవం మొక్కుబడికీ బయటికి వస్తుంది. అటువంటి బండిగలవారిని కలిసినపుడెల్ల మాకు వినిపించే మాట ఒకటున్నది: "ఆయిలు ప్రెషరు పడిపోతున్నదండీ. ఇంజను దించాలంటున్నారు. ఇక అమ్మివేయడమే మేలేమో."

ఇంజను దించడమంటే మాటలా? పట్టుకొన్నచోటల్లా డబ్బు. అమ్మడమంటారా, పాత ఇనుము తూకానికి పోవడమే తరచుగా జరిగేది. ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పదని తలుపు మూసుకొని కూర్చోకముందు గృహస్థు తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నవి. వాటిని చదువరుల ముందుంచడమే మా ఉద్దేశం. మెకానికు పని అందరూ నేర్చుకోవాలని మేము అనడం లేదు. మెకానికు చెప్పేది విని, నాలుగు ప్రశ్నలు అడిగేపాటి తెలివిడి ఉంటే చాలును.

ఉదాహరణకు అంబాసడరునే తీసుకొంటాము. మనవాళ్ళ ఇండ్లలో ఎక్కువగా మిగిలినది అదే. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు అది మన దేశపు రూపం. హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1958 ప్రాంతాన మొదలుపెట్టి, 2014 మే నెలలో తయారీ ఆపివేశారు. మొదట పక్క వాల్వుల ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలోకి 1489 సి.సి. ఇంజను వచ్చింది. దీనికి వాల్వులు పైన, హెడ్డులో ఉంటవి. బి.ఎం.సి. కంపెనీవారి 'బి' శ్రేణి ఇంజను అంటారు దీనిని. ఇదే ఇంజనును ఇంగ్లండులో ఎం.జి.ఏ. అనే రెండు సీట్ల పరుగు బండిలోనూ వాడినారు. అందువల్ల మనకొక లాభమున్నది. ఆ బండ్లకోసం అచ్చయిన మరమ్మతు పుస్తకాలలోని కొలతలు మన ఇంట్లోని పెద్దమనిషికీ చాలామట్టుకు పనికివస్తవి.

అసలు వత్తిడి అంటే ఏమిటి? ఇది తెలిస్తే సగం వైద్యం తెలిసినట్లే. పంపు వత్తిడిని పుట్టిస్తుందని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. పంపు ఆయిలును తోస్తుంది, అంతే. ఆ ఆయిలు పోయే దారి ఇరుకుగా ఉన్నందువల్ల వత్తిడి పుడుతుంది. తోటలో మోటారు వేసి గొట్టం వదిలితే నీళ్ళు కాళ్ళదగ్గరే పడతవి. గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే మామిడిచెట్టు కొమ్మదాకా ఎగురుతవి. మోటారు అదే, నీళ్ళూ అవే. మధ్య వేలు వచ్చింది.

ఇంజనులో ఆ వేలి పని చేసేవి బేరింగుల సందులు. క్రాంకుషాఫ్టు తిరిగే బేరింగుకూ, షాఫ్టుకూ మధ్య ఉండవలసిన సందు అంగుళంలో వెయ్యింట ఒకటి రెండు వంతులు, మహా అయితే రెండున్నర. తలవెంట్రుక కన్న సన్నం. ఆ సందులో ఆయిలు పొరగా నిలిచి, ఇనుమును ఇనుము తాకకుండా కాపాడుతుంది. ఏండ్లు గడిచి అరిగేకొద్దీ సందు పెరుగుతుంది. ఇక్కడొక లెక్క గమనింపదగినది. సందు రెట్టింపు అయితే కారిపోయే ఆయిలు రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లు. అందుకే పదేండ్లు మెల్లగా దిగుతూ వచ్చిన ముల్లు, చివరి ఏడాదిలో గబగబ దిగిపోతుంది. బండి గలవారికి అది హఠాత్తుగా వచ్చిన జబ్బులాగా కనిపిస్తుంది.

రెండవది వేడి. ఆయిలు చల్లగా ఉన్నప్పుడు లేతపాకంలాగా ఉండి, కాగిన తరువాత కరిగిన నెయ్యిలాగా జారుతుంది. మన బండ్లలో పోసే 20 డబ్ల్యు 50 రకం ఆయిలు 40 డిగ్రీల నుండి 100 డిగ్రీల వేడికి పోయేసరికి దాని చిక్కదనం సుమారు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే ముల్లు అరవై దగ్గర నిలబడి, మధ్యాహ్నం బెంగుళూరు ట్రాఫిక్కులో పదికి దిగిందంటే, అందులో కొంత వయసు, కొంత ఎండ. బళ్ళారిలోనో షోలాపూరులోనో వైశాఖమాసపు మధ్యాహ్నం చూచిన ముల్లును బట్టి ఇంజను ఆయుర్దాయం లెక్కకట్టకూడదు.

మరి ఎంత ఉంటే మంచిది? మన మెకానికులు ఇంకా పౌండ్లలోనే మాట్లాడుతారు. అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని. కిలోల మీటరైతే ఒక కిలో సుమారు 14 పౌండ్లు. బాగా కాగిన 1489 ఇంజనుకు రోడ్డుమీద 50 పౌండ్ల చుట్టుపక్కల, నిలిచి తిరిగేటప్పుడు 15 చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా ఉండవచ్చును. వయసు మీరినదైతే ఐడిలింగులో పది ఉన్నా భయం లేదు. నిమిషానికి వెయ్యి చుట్లకు పది పౌండ్ల చొప్పున ఉంటే చాలునని పాత బండ్లవారు ఒక మోటు లెక్క చెబుతారు. మోటుదే గాని చెడ్డది కాదు. మూడువేల చుట్లు, అంటే టాప్ గేరులో సుమారు 70 కిలోమీటర్ల వేగంలో, ముప్పైకన్న తక్కువ చూపితే మాత్రం ఆలోచించవలసిందే.

కొన్ని బండ్లలో ముల్లు ఉండదు, ఎర్రదీపం మాత్రమే ఉంటుంది. ఈ దీపాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అది ముందుగా హెచ్చరించే సాధనం కాదు. వత్తిడి ఐదారు పౌండ్లకు దిగితేనే సాధారణంగా వెలుగుతుంది. కాగిన ఇంజను సిగ్నలు దగ్గర నిలిచినపుడు మినుకుమినుకుమని, ఆక్సిలరేటరు కాస్త తొక్కగానే ఆరిపోతే ఇంటికి చేరవచ్చును, తరువాత చూపించుకోవచ్చును. పరుగులో వెలిగిందా, అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపివేయవలెను. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే షెడ్డు ఉన్నదనే లెక్క వద్దు. ఆయిలు లేని బేరింగు కాలిపోవడానికి ఆ రెండు కిలోమీటర్లు ఎక్కువ. బండిని తాడు కట్టి లాగించే ఖర్చు క్రాంకుషాఫ్టు ఖరీదులో ఏ మూలకు?

ముందు వార్త తెచ్చినవాణ్ణి పరీక్షించండి

ముల్లు దిగింది అంటే వత్తిడి దిగిందని అర్థం కాదు. ముల్లు దిగిందని మాత్రమే అర్థం. యాభై అరవై ఏండ్ల మీటరు, తుప్పు పట్టిన స్విచ్చి, పగిలిన తీగె, ఆయిలు గడ్డకట్టిన సన్నగొట్టం - వీటిలో ఏది చెడినా ఇంజను చెడినట్లే కనిపిస్తుంది.

కోయంబత్తూరులో మేము బాగా ఎరిగిన ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాము. ఆ ఊళ్ళో మోటారు పని అంటే జి.డి. నాయుడుగారి పేరు రాకమానదు. 1920లో పొల్లాచ్చికీ పళనికీ మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మన తెలుగు కుటుంబీకుడాయన. ఆ కాలంనుండి ఆ ప్రాంతంలో ఇంజను పని తెలిసినవారికి కొదవ లేదు. అయినా ఈ ఇంటివారికి కష్టమే వచ్చిపడింది. అంబాసడరులో ఎర్రదీపం ఆరడం మానివేసింది. చూపించిన మొదటి షెడ్డువారు చెవి పెట్టి విని, "క్రాంకు గ్రైండింగు, బోరింగు, పంపు అన్నీ కలిపి చేయవలె" అని ఒక పెద్ద అంకె చెప్పారు. కొడుకులు ఇద్దరూ బండి అమ్మివేద్దామని నిశ్చయించారు. పాతబండ్లు కొనేవాడు వచ్చి చూచి కూడా పోయాడు. ఇంటి పెద్దావిడకు మాత్రం మనసొప్పలేదు. ఆమె పెండ్లినాడు ఎక్కిన బండి కాదది. భర్తను ఆసుపత్రికి తీసుకుపోయి తిరిగి తెచ్చిన బండి.

బస్సు డిపోలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ముసలి మేస్త్రీ ఒకరిని ఆమె పిలిపించింది. ఆయన బానెట్టు ఎత్తి ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు.

"అమ్మా, లోపల కొట్టుకొనే చప్పుడేమీ నాకు వినబడలేదు. దీపం అబద్ధమాడుతున్నదేమో చూడనియ్యండి. ఒక్కరోజు గడువియ్యండి" అన్నాడు.

"ఒక్కరోజేమి నాయనా, అమ్మేవాళ్ళను నేను ఆపుతాను, నీవు చూడు" అన్నదామె.

మరునాడు ఆయన తన డిపో నాటి మీటరు తెచ్చాడు. దీపపు స్విచ్చి విప్పి ఆ కంతలోనే మీటరు గొట్టం బిగించాడు. బండిని అరగంట అవినాశి రోడ్డుమీద తిప్పి వచ్చి చూస్తే, పరుగులో 45, నిలిచినప్పుడు 12. వయసుకు తగిన అంకెలు. చెడినది స్విచ్చి. దాని ఖరీదు ఒక పూట హోటలు భోజనాలకన్న తక్కువ.

అన్ని కథలూ ఇట్లాగే ముగుస్తవని మేము ఆశ పెట్టడం లేదు. కాని పరీక్ష మీటరు బిగించి అంకె చూపని మెకానికు మాట మీద ఎవరూ ఇంజను దించనక్కరలేదు. ఆ మీటరు ఎలక్ట్రికుది కాకుండా, ఆయిలు నేరుగా వచ్చి ముల్లును తోసేది కావలెను. స్విచ్చి కంతకు సరిపోయే మరగల కొలికి ఏ మోటారు విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది.

మీటరు బిగించిన తరువాత చూడవలసినది ఒక్క అంకె కాదు, దాని నడక. ఇందులోనే రోగం గుట్టు ఉన్నది. చల్లగా ఉన్నప్పుడు నిండుగా ఉండి, కాగేకొద్దీ దిగి, ఐడిలింగులో మరీ పడిపోయి, వేగంతో మళ్ళీ లేస్తున్నదా? అది బేరింగుల అరుగుదల లక్షణం. చల్లగా ఉన్నా, కాగినా, నిలిచినా, పరుగెత్తినా ఒకేవిధంగా తక్కువగా ఉన్నదా? అయితే బేరింగులను అంత తొందరగా నిందించవద్దు. రిలీఫ్ వాల్వు, పంపు, సంపులోని జల్లెడ వీటిని అనుమానించవలెను. మలుపు తిరిగినపుడో, బ్రేకు వేసినపుడో ముల్లు ఊగి పడుతున్నదా? సంపులో ఆయిలు తక్కువై పంపు గాలి పీలుస్తున్నది. వేగం పెంచేకొద్దీ లేచి, ఇంకా పెంచితే దిగుతున్నదా? జల్లెడ మడ్డితో పూడిపోయి పంపుకు కావలసినంత ఆయిలు అందడం లేదని అర్థం.

చిన్న చికిత్సలు

మొదట డిప్‌స్టిక్కు. ఇది చెప్పడానికి మాకే సిగ్గుగా ఉన్నది గాని, వత్తిడి తగ్గిందని వచ్చిన బండ్లలో ఆయిలే తక్కువగా ఉన్నవి లేకపోలేదు. బండిని సమంగా ఉన్న నేలమీద నిలిపి, ఇంజను ఆపిన పది నిమిషాల తరువాత చూడండి. చూచినప్పుడు వాసన కూడా చూడండి. పెట్రోలు వాసన కొడుతున్నదా? ఆయిలు మట్టం తగ్గకపోగా పెరుగుతున్నదా? ఇంజను పక్కన బిగించిన పెట్రోలు పంపు ఉన్న బండ్లలో దాని డయాఫ్రం చిరిగితే పెట్రోలు సంపులోకి దిగుతుంది. ఆయిలు నీళ్ళవలె పలచబడి వత్తిడి పడిపోతుంది. ఈ జబ్బు ఈ మధ్య ఎక్కువ కావడానికి తగిన కారణమున్నది. 2025 నాటికి మన బంకులలో పోసే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ ఇథనాలు కలిసింది. పాతకాలపు రబ్బరుకు ఇథనాలు పడదు. ఉబ్బుతుంది, బిరుసెక్కుతుంది, చీలుతుంది. డయాఫ్రం, రబ్బరు గొట్టాలు ఇథనాలును తట్టుకొనే రకంవి వేయించుకొన్నవారికి ఈ బాధ ఉండదు. పెట్రోలు కలిసిన ఆయిలుతో బండి నడపడం బేరింగులకూ చెరుపే, నిప్పుకూ భయమే. ముందు ఆయిలు మార్చి, తరువాత మిగతా మాట.

ఆయిలు పాలు కలిపిన కాఫీలాగా మారితే అందులో నీరు చేరింది. అది హెడ్డు గ్యాస్కెట్టు సంగతి, వేరే కథ.

తరువాత రిలీఫ్ వాల్వు. వత్తిడి మితిమీరకుండా, ఎక్కువైన ఆయిలును తిరిగి సంపులోకి వదిలే ద్వారమిది. 'బి' శ్రేణి ఇంజనులో బ్లాకుకు వెనుక భాగాన, పక్కన, గుమ్మటంవంటి పెద్ద నట్టు ఒకటి కనిపిస్తుంది. దానిని విప్పితే ఒక స్ప్రింగు, దాని వెనుక చిన్న గిన్నెవంటి వాల్వు బయటికి వస్తవి. మొత్తం పని పావుగంట. గిన్నె అంచుకూ, అది ఆనే పీటకూ మధ్య ఇసుకరేణువంత మడ్డి చిక్కినా ద్వారం పూర్తిగా మూసుకోదు. ఇంజను ఎంత తిరిగినా ఆయిలు అడ్డదారిన సంపులోకి పోతూనే ఉంటుంది. శుభ్రంగా తుడిచి, గిన్నె గీతలు పడి ఉంటే మార్చి, కొత్త స్ప్రింగు పక్కన పాతదానిని నిలబెట్టి పొడవు చూచుకొని బిగించవలెను. స్ప్రింగు కింద వాషర్లు దూర్చి ముల్లును లేపే చమత్కారం కొందరు చేస్తారు. స్ప్రింగు నిజంగా డస్సి ఉంటే కొత్తది వేయడమే మర్యాద. బేరింగులు అరిగిన ఇంజనులో ఆ వాషర్లవల్ల ఐడిలింగు వత్తిడి పెరగదు. ఆ సమయంలో వాల్వు ఎటూ మూసుకొనే ఉంటుంది గదా!

సంపు విప్పవలసి వస్తే జల్లెడను కిరసనాయిలులో కడిగించండి. అడుగున చేరిన మడ్డిని వేలితో తీసి చూడండి. అందులో మెరిసే రేణువులు ఉంటే బేరింగు లోహం కావచ్చును. రాగిరంగు కనిపిస్తే పైపొర పూర్తిగా పోయి అడుగుపొర తేలిందని అర్థం. సంపు విప్పిన రోజునే పంపును కూడా కొలిపించవలెను. ఈ ఇంజను పంపులో ఒకదానిలో ఒకటి తిరిగే రెండు రోటార్లుంటవి. వాటి పళ్ళ మధ్య సందు అంగుళంలో వెయ్యింట 6 వంతులు, మూతకూ రోటార్లకూ మధ్య సందు 5 వంతులు మించకూడదని తయారీదారుల పుస్తకం చెబుతుంది. దీనికి కావలసింది ఒక ఫీలరు గేజి, ఒక సమమైన ఇనుపబద్ద. మూత మాత్రమే అరిగి ఉంటే గాజుపలక మీద ఎమెరీ కాగితం పరిచి నునుపు చేసుకోవచ్చును. ఇది పాత మేస్త్రీల పద్ధతి, ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది.

ఏండ్ల తరబడి కదలని బండికి మడ్డి కడిగే ఘాటైన మందులు పోయడం మాకు నచ్చదు. ఒక్కసారిగా ఊడిన మడ్డి నేరుగా జల్లెడకు పోయి పట్టుకొంటుంది. దానికి బదులు మామూలు ఆయిలే పోసి, ఐదారు వందల కిలోమీటర్లకు ఒకసారి చొప్పున రెండుసార్లు మార్చితే మెల్లగా శుభ్రపడుతుంది. ఫిల్టరును ప్రతిసారీ మార్చవలెను.

చిక్కటి ఆయిలు అనే మాయ

ఇప్పుడు మేము గట్టిగా చెప్పదలచిన మాటకు వచ్చాము. వత్తిడి తగ్గిందనగానే "చిక్కటి ఆయిలు పొయ్యండి సార్, ముల్లు లేస్తుంది" అనే సలహా ప్రతి బజారులోనూ దొరుకుతుంది. నిజమే, లేస్తుంది. జ్వరమానిని చన్నీళ్ళలో ముంచితే అంకె దిగినట్లు. అరిగిన సందు అట్లాగే ఉన్నది. పైగా చిక్కటి ఆయిలు తెల్లవారి చల్లటి ఇంజనులో బేరింగులకు చేరడానికి ఎక్కువ సమయం తీసుకొంటుంది. ఆ కొద్ది క్షణాలలోనే ఎక్కువ అరుగుదల జరుగుతుంది. ఆయిలు పని జారుడు ఒక్కటే కాదు, బేరింగు వేడిని మోసుకుపోవడం కూడా. వత్తిడి పెరిగి ప్రవాహం తగ్గితే ఆ వేడి అక్కడే ఉండిపోతుంది.

బరంపురంలో ఒక డాక్టరుగారి బండికి ఇదే జరిగింది. రెండేండ్లపాటు ఏటేటా ఇంకా చిక్కటి రకం, దానికి తోడు పాకంవంటి ఒక డబ్బామందు. ముల్లు చూడముచ్చటగా నలభై మీద నిలిచింది. ఇంజను అడుగున 'టకటక' మొదలైనా, ముల్లు బాగున్నది గదా అని ఎవరూ పట్టించుకోలేదు. చత్రపురం దగ్గర పెద్ద చప్పుడుతో బండి ఆగింది. కనెక్టింగు రాడ్డు విరిగి బ్లాకు పక్కగా బయటికి వచ్చింది. రెండేండ్లకు ముందు సంపు విప్పి బిగెండు బేరింగులు నాలుగు జతలు మార్చి ఉంటే సరిపోయేది. బ్లాకు పగిలిన తరువాత ఎవరేమి చేయగలరు? ఆ బండి ఇప్పుడు లేదు.

అయితే మేము చిక్కటి ఆయిలును పూర్తిగా తోసిపుచ్చడం లేదు. ఈ ఇంజనుకు మన ఎండలలో 20 డబ్ల్యు 50 తగినదే. అంతకు ముందు పలచనిది పోస్తూ ఉండినవారు దానికి మారితే అది మాయ కాదు, దిద్దుబాటు. ఈ రోజులలో జరిగే తప్పు దీనికి ఎదురుది కూడా. కొత్తకార్లకు పోసే ఖరీదైన 0 డబ్ల్యు 20 రకం ఆయిలు మంచిదని చెప్పి పాతబండికి పోస్తారు. ఖరీదైనదే, మంచిదే, కాని దీనికి కాదు. కాగిన తరువాత దాని చిక్కదనం 20 డబ్ల్యు 50లో సగం కూడా ఉండదు. పైగా అటువంటి పలచని కొత్త రకాలలో భాస్వరాన్ని తగ్గించినారు. దానితోపాటు, క్యామును రాసుకొని తిరిగే పాత టాపెట్లను కాపాడే జింకు మందు కూడా తగ్గింది.

పాతబండి కొనబోయే యువకులకు ఒక మాట. అమ్మేవారి ఇంటికి చెప్పకుండా పొద్దున్నే వెళ్ళి, ఇంజను చల్లగా ఉన్నదో లేదో చేయి పెట్టి చూచి, స్టార్టు చేసి ఎంతసేపటికి ముల్లు లేస్తుందో గమనించండి. తరువాత అరగంట నడిపి ఐడిలింగులో చూడండి. డిప్‌స్టిక్కు చివర ఆయిలు తీగెసాగితే, ముల్లు ఎంత బాగున్నా తొందరపడవద్దు.

నిజంగా అరిగి ఉంటే

మీటరు నడక బేరింగులదే తప్పని తేల్చిందనుకొందాము. చెవి కూడా సాక్ష్యం చెబుతుంది. ఆక్సిలరేటరు వదిలినపుడు కింద సన్నగా 'టకటక' అంటే బిగెండు. ఎగువకు లాగేటప్పుడు లోతుగా 'దబ్ దబ్' అంటే మెయిన్ బేరింగు. పైన 'టిక్కు టిక్కు' మాత్రమే అయితే టాపెట్లు, రాకరుషాఫ్టు. రాకరుషాఫ్టు అరిగినా అక్కడినుండి ఆయిలు ధారగా కారి వత్తిడి కొంత తగ్గుతుంది. హెడ్డు మూత తీస్తే ఇది కంటికే కనబడుతుంది, పైనుండే మార్చవచ్చును.

బిగెండు బేరింగులను సంపు దించి కిందినుండే విప్పి చూడవచ్చును. ఇంజను పూర్తిగా దించనక్కరలేదు. సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే మైనపు దారంవంటిది దొరుకుతుంది. చిన్న ముక్క షాఫ్టు మీద పెట్టి, మూత బిగించి, షాఫ్టును తిప్పకుండా మళ్ళీ విప్పితే అది నలిగి వెడల్పవుతుంది. ఆ వెడల్పును దానితో వచ్చిన కాగితపు స్కేలుతో పోల్చితే సందు ఎంతో తెలిసిపోతుంది. మెకానికు మాట, మన అనుమానం రెంటికీ అక్కడ తీర్పు దొరుకుతుంది.

షాఫ్టు నునుపుగా, గుండ్రంగా ఉంటే అదే సైజు కొత్త బేరింగులు చాలును. గీతలు పడినా, కోలగా అరిగినా గ్రైండింగు తప్పదు. అంగుళంలో వెయ్యింట 10, 20, 30, 40 వంతులు చొప్పున తగ్గించి, ఆ సైజు బేరింగులు వేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. బేరింగులు చేతికి వచ్చిన తరువాతనే గ్రైండింగుకు ఇవ్వవలెను. ముందు 20కి తీయించి, తరువాత ఆ సైజు దొరకక ఊరూరా తిరిగేవారిని చూస్తున్నాము. మద్రాసు పుదుపేట, బెంగుళూరు జె.సి. రోడ్డు, బొంబాయి కుర్లా, కలకత్తా మల్లిక్ బజారు - వెదికేవారికి ఇంకా దొరికే చోట్లు ఇవి. బొంబాయిలో 2023 అక్టోబరుతో ప్రీమియర్ పద్మిని టాక్సీల కాలం ముగిసింది. ఆ బండ్లవారు తమ విడిభాగాలను ఇప్పుడే కొని దాచుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ఇంకొకటి తరచుగా మరచిపోయేది క్యాముషాఫ్టు బేరింగులు. క్రాంకు గ్రైండింగు చేయించి, కొత్త పంపు వేసి, అంతా అయిన తరువాత కూడా ముల్లు ఇరవై దగ్గరే ఉండిపోతే, దోషం తరచుగా వీటిదే. ఎటూ ఇంజను దించినపుడు వాటిని కూడా కొలవమని ముందే కాగితం మీద వ్రాసి ఇవ్వండి. గ్రైండింగు చేసిన షాఫ్టులోని ఆయిలు దారులను సన్నని బ్రష్షుతో కడిగించమని కూడా వ్రాయండి. రాతిపొడి అందులో నిలిచిపోతే కొత్త బేరింగులు వెయ్యి కిలోమీటర్లు కూడా నిలవవు.

అంతా బిగించిన తరువాత వెంటనే సెల్ఫు కొట్టి స్టార్టు చేయనివ్వకండి. పంపు ఎండి ఉంటుంది. బిగించేముందే దాని కడుపులో ఆయిలు పోయించవలెను. ప్లగ్గులు నాలుగూ విప్పి, హ్యాండిలుతోనో సెల్ఫుతోనో ఇంజనును ఊరికే తిప్పితే కాసేపటికి ముల్లు కదులుతుంది. కదిలిన తరువాతనే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయండి. మొదటి ఆయిలును ఎనిమిది వందల కిలోమీటర్లకు మార్చివేయండి. ఆనాటి అంకెలను, చల్లగా ఎంత, కాగిన తరువాత పరుగులో ఎంత, ఐడిలింగులో ఎంత అని తేదీతో సహా ఒక చీటీమీద వ్రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. ఆరునెలలకొకసారి ఆ చీటీ కిందనే మరొక వరుస వ్రాయండి.